మూసేటప్పుడు సగంలో ఆగి మళ్ళీ పైకి లేస్తున్న పవర్ లిఫ్ట్‌గేట్: లోపం ఎక్కడ?

మా ఎస్‌యూవీలో మోటారుతో నడిచే వెనుక తలుపు (పవర్ లిఫ్ట్‌గేట్) బటన్ నొక్కగానే మామూలుగా తెరుచుకుంటోంది గానీ, మూసేటప్పుడు సగం దూరం దిగి, బీప్ శబ్దం చేసి, ఏదో అడ్డు తగిలినట్టు తిరిగి పైకి వెళ్ళిపోతోంది. చేత్తో మూస్తే లాక్ చక్కగా పడుతోంది. చివర్లో తలుపును లోపలికి బిగించే మోటారు కూడా పనిచేస్తోంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతోంది, ఫ్యూజులు బాగున్నాయి.

తలుపు అంచున అడ్డును పసిగట్టే రబ్బరు పట్టీలలో ఎడమ దానికి కింది మూలలో సన్నని చీలిక ఉంది, వాన పడ్డాక ఇబ్బంది పెరుగుతోంది. అయితే కీలు దగ్గర వైర్లు తలుపులోకి వెళ్ళే రబ్బరు గొట్టాన్ని జరిపి చూస్తే, ఒక వైరు తొడుగు పగిలి లోపలి రాగి పచ్చబడి కనిపించింది. తలుపు కదిలిన ప్రతిసారీ వైర్లు వంగేది అక్కడే కనుక నా అనుమానం ఎక్కువగా దాని మీదే ఉంది.

పట్టీ కనెక్టర్ విప్పి, మల్టీమీటర్‌తో నిరోధం కొలుస్తూ పట్టీని అంచు పొడవునా నొక్కి చూస్తే లోపం పట్టీదో వైరుదో తేలుతుందా? తలుపును ఎత్తి దించే మోటారు స్ట్రట్లలోని స్థాన సెన్సర్ చెడినా ఇవే లక్షణాలు కనిపిస్తాయా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నందున అడ్డును పసిగట్టే ఆ రక్షణ ఏర్పాటును తప్పించి నడిపే ఉద్దేశం నాకు లేదు. ఇటువంటి మరమ్మతు చేసిన అనుభవజ్ఞులు, ముందుగా దేన్ని పరీక్షించాలో దయచేసి తెలియజేయగలరు.