కొబ్బరినూనె సబ్బు నురగ బ్రహ్మాండం, కానీ ఒళ్ళు పొడిబారుతోంది. ఏం మార్చాలి?

గాజువాక_సబ్బులు
అందరికీ నమస్కారం. ఇంట్లో సరదాగా సబ్బులు చేస్తుంటాను, చుట్టుపక్కల వాళ్ళకీ ఇస్తుంటాను. వాడేది ఒక్క కొబ్బరినూనే. 500 గ్రాముల నూనెకి 87 గ్రాముల కాస్టిక్ సోడా, అంటే 5 శాతం సూపర్‌ఫ్యాట్ (సోడాతో కలవకుండా సబ్బులో నూనెగానే మిగిలేది). బిళ్ళ తెల్లగా, రాయిలా గట్టిగా వస్తుంది. మా బోరు నీళ్ళలో కొన్న సబ్బులు సరిగ్గా నురగే రావు, ఇదైతే రెండుసార్లు రుద్దితే చాలు. గొడవల్లా స్నానం అయ్యాకే, ఒళ్ళంతా బిగుసుకుపోయినట్టు ఉంటుంది, గోటితో గీస్తే తెల్లగా గీత పడుతోంది. మా అత్తగారేమో "కొబ్బరినూనె రాస్తే ఒళ్ళు మెత్తబడాలి గానీ, దాంతో చేసిన సబ్బు ఎండబెట్టేయడమేంటి?" అంటున్నారు. నా దగ్గర సమాధానం లేదు. గానుగ నూనెకి మారితే ఏమైనా తేడా ఉంటుందా?

మాస్టారు_మద్దిలపాలెం
మీ అత్తగారు అడిగింది సరైన ప్రశ్నే అమ్మా. సోడాతో కలిసి మారిపోయాక అది ఇక నూనె కాదు, సబ్బు, గ్లిజరిన్. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. దాని నుంచి వచ్చే సబ్బు నీళ్ళలో తేలిగ్గా కరుగుతుంది, అందుకే అంత నురగ, కానీ మురికితో పాటు చర్మం మీద ఉండే సహజమైన జిడ్డునీ ఊడ్చేస్తుంది. గానుగ నూనె, వర్జిన్ నూనె, మామూలు నూనె, ఏదైనా ఆమ్లాలు దాదాపు అవే కాబట్టి డబ్బులు దండగ. ఒక్క కొబ్బరినూనెతోనే చెయ్యాలనుకుంటే సూపర్‌ఫ్యాట్ 20 శాతానికి పెంచండి. 500 గ్రాములకి పూర్తిగా పట్టే సోడా 91.5 గ్రాములు, అందులో 80 శాతం అంటే సుమారు 73 గ్రాములు. నూనె అంత మిగిలితే ముక్క వాసన వస్తుందేమోనని భయపడక్కర్లేదు, కొబ్బరినూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే, త్వరగా పాడవదు. అదే సన్‌ఫ్లవర్ నూనె అంత మిగిలిస్తే మన ఉక్కపోతకి బిళ్ళ మీద నారింజ రంగు మచ్చలు వచ్చేస్తాయి.

ఆముదం_అక్క
మాస్టారి లెక్క సరే గానీ, పొడి చర్మం వాళ్ళకి నేనైతే 20 శాతం సూపర్‌ఫ్యాట్ పెట్టినా నూటికి నూరు కొబ్బరి ఇవ్వను. 30 శాతం కొబ్బరి, మిగతాది పామాయిల్, తవుడు నూనె, ఒక 5 శాతం ఆముదం. ఆముదం వేస్తే నురగ క్రీములా నిలబడుతుంది, కొబ్బరి తగ్గించిన లోటు తెలీదు. ఒక్కటి గుర్తుపెట్టుకో చెల్లీ, ఒక్కో నూనెకి సోడా లెక్క వేరు. కొబ్బరికి పట్టినంత సోడా పామాయిల్‌కి పట్టదు, పాత కొలతే వేశావంటే ఒళ్ళు మండుతుంది. సోప్ కాలిక్యులేటర్‌లో వేసుకున్నాకే గిన్నె పొయ్యి మీద పెట్టు. గిన్నె అంటే స్టీలుదే, అల్యూమినియం జోలికి వెళ్ళొద్దు, సోడా దాన్ని తినేస్తుంది, పైగా హైడ్రోజన్ పుడుతుంది.

పాత_సీమన్
ఆముదం అక్క చెప్పింది మంచినీళ్ళు వచ్చే ఇళ్ళకి. నేను ఓడల్లో పనిచేసినవాణ్ణి, సముద్రపు నీళ్ళతో స్నానానికి వాడే మెరైన్ సోప్ కొబ్బరినూనెదే, ఎందుకంటే వేరే నూనెల సబ్బు ఉప్పునీళ్ళలో విరిగిపోతుంది. బోరు నీళ్ళ ఇంట్లో 30 శాతానికి దించేస్తే ఆ అమ్మాయి మళ్ళీ నురగ రాలేదని ఇక్కడికే వస్తుంది చూడండి.

మాస్టారు_మద్దిలపాలెం
సీమన్ గారూ, ఉప్పు వేరు, కాఠిన్యం వేరు. బోరు నీళ్ళలో ఇబ్బంది పెట్టేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. అవి ఏ సబ్బుతోనైనా కలిసి తెట్టు కడతాయి, కొబ్బరి సబ్బు త్వరగా కరుగుతుంది కాబట్టి తెట్టు పోనూ నురగ మిగులుతుంది, అంతే. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది కదా, సిట్రిక్ ఆమ్లం, 500 గ్రాముల నూనెకి 5 గ్రాములు ముందుగా నీళ్ళలో కరిగించి, అది మింగే సోడా కోసం ఇంకో 3 గ్రాములు కలిపితే తెట్టు బాగా తగ్గుతుంది. సోడానే నీళ్ళలో పొయ్యాలి, నీళ్ళు సోడాలో పొయ్యకూడదు, కళ్ళజోడు తప్పనిసరి.

గాజువాక_సబ్బులు
అందరికీ చాలా థాంక్స్. సగం కొబ్బరితో ఒక విడత, 20 శాతం సూపర్‌ఫ్యాట్‌తో ఇంకో విడత వేసి చూస్తాను. మరి ఇప్పటికే అరలో ఉన్న పాత బిళ్ళల సంగతి? పారబొయ్యడానికి మనసొప్పట్లేదు.

ఆముదం_అక్క
పారబొయ్యడమెందుకు, బట్టలకీ గిన్నెలకీ వాడుకో. బట్టల సబ్బుకి కావాలనే సూపర్‌ఫ్యాట్ లేకుండా కొబ్బరితో చేస్తారు, జిడ్డు బాగా వదులుతుంది. కొత్త విడతలు మాత్రం వేడి ఉండగానే, గంటా రెండు గంటలకోసారి వేలితో నొక్కి చూసుకుంటూ కొయ్యాలి, రాత్రికి వదిలేసి పొద్దున్న చూస్తే కత్తి కింద పెచ్చులుగా విరుగుతుంది. కోశాక నాలుగైదు వారాలు గాలి ఆడేచోట ఆరబెట్టు, బీచ్ వైపు కిటికీ దగ్గర వద్దు, తేమకి గ్లిజరిన్ చెమట పట్టినట్టు పైకి తేలుతుంది. అమ్మే ఆలోచన ఉంటే అది వేరే లెక్క, ఒంటి సబ్బు కాస్మెటిక్ కిందకి వస్తుంది, లైసెన్స్ కావాలి.