అప్‌డేట్: ఎడమవైపు కిందికి పోతున్న పెల్లెట్ల సంగతి

పోయిన నెల అడిగాను గుర్తుందా? 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, కుడిచేత్తో కాలుస్తాను, పెల్లెట్లన్నీ (చిన్న సీసపు గుళ్లు) ఎడమవైపు కిందికి, 7వ రింగు (నడుమది 10) దగ్గర పడుతున్నాయి, సైట్ (గురి చూసే అమరిక) తిప్పాలా అని. "సైట్ ముట్టుకోకండి, ముందు వేరేవాళ్లతో కాల్పించి చూడండి" అన్నవారికి చాలా థ్యాంక్స్. మా కోచ్ గారు నా పిస్టల్‌తోనే 5 కాల్చారు. అన్నీ నడుమనే! పిస్టల్ బాగానే ఉంది, తప్పు నా చేతిది.

తర్వాత పెల్లెట్ లేకుండా, తెల్లగోడ వైపు డ్రై ఫైర్ చేయించారు. అప్పుడు కనిపించింది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కుకునే క్షణంలో ఫ్రంట్ సైట్ (గొట్టం చివరన ఉండే గురి గుర్తు) ఎడమకి, కిందికి జారుతోంది. సైట్ కుదరగానే "ఇప్పుడే" అని టెన్షన్‌తో పిడికిలి మొత్తం బిగిస్తున్నాను. పైగా వేలి చివరతో నొక్కడం వల్ల పిస్టల్ పక్కకి నెట్టుకుపోతోంది. ట్రిగ్గర్ లాగడానికి కావాల్సిన బరువు అరకిలో పైచిలుకే, దానికి అంత బలం ఎందుకు!

ఇప్పుడు వేలి మొదటి కణుపు మెత్త ఆనించి, నేరుగా వెనక్కి, నెమ్మదిగా లాగుతున్నాను. చూపు ఫ్రంట్ సైట్ మీదే, టార్గెట్ మసకగా ఉన్నా సరే. రోజూ 15 నిమిషాలు డ్రై ఫైర్. అన్నిటికన్నా కష్టమైంది, కుదరనప్పుడు కాల్చకుండా చెయ్యి దించేయడం. పోటీలో 60 షాట్లకి 75 నిమిషాలు ఇస్తారు, తొందర అక్కర్లేదు.

గ్రూప్ (పెల్లెట్లన్నీ గుంపుగా పడే చోటు) 9వ రింగులోకి వచ్చింది. 11.5 మిల్లీమీటర్ల 10వ రింగులో కూడా అప్పుడప్పుడు పడుతున్నాయి. 40 షాట్లు దాటాక మాత్రం భుజం అలిసి మళ్లీ కిందికి పోతున్నాయి, ఇక దాని పని పట్టాలి.