సమస్యాపూరణం: ‘మూగవాని మాట ముచ్చటాయె’

ఈసారి సమస్య: మూగవాని మాట ముచ్చటాయె

ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. దీనికి అర్థం కుదిరేలా మొదటి మూడు పాదాలు రాయడమే పూరణ. విషయం సినిమా పిచ్చి. నచ్చిన డైలాగు పదేపదే చెప్పుకోవడం, టిక్కెట్లు దాచుకోవడం, చూసిన సినిమానే మళ్లీ మళ్లీ చూసి గోడ గడియారం ఏ సీన్లో ఎంత చూపిస్తుందో పట్టుకోవడం, ఏదైనా సరే. షరతు ఒక్కటే. ఆ మూగవాడు ఎవరో, నోరులేనివాడి మాట ఎలా ముచ్చటైందో మొదటి మూడు పాదాల్లోనే తేలిపోవాలి.

కొత్తవారి కోసం లక్షణం మరోసారి: గణమంటే లఘువుల (పొట్టి అక్షరాల), గురువుల (పొడుగు అక్షరాల) కూర్పు. సూర్యగణమంటే గురువు, లఘువు లేదా మూడు లఘువులు; ఇంద్రగణాలు అంతకంటే పెద్దవి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాల్సిన చోటు. ప్రాసనియమం (అన్ని పాదాల రెండో అక్షరం ఒకటే కావాలనడం) లేదు, ప్రాసయతి (యతి బదులు రెండో అక్షరాలు కలపడం) వేసుకోవచ్చు. ‘సినిమా’ ఒంటరిగా సూర్యగణంలో ఒదగదు, రెండు లఘువుల మీద గురువు వచ్చింది కదా. ‘సినిమాలు’, ‘సినిమాకు’ అంటే సలం అనే ఇంద్రగణం అవుతుంది, బేసి పాదాల చివర హాయిగా కూర్చుంటుంది. ‘డైలాగు’, ‘టిక్కెట్లు’ తగణాలు (రెండు గురువులు, లఘువు), అవీ ఇంద్రగణాలే. కాబట్టి ఇంగ్లీషు మాటలు పద్యంలో పట్టవని ఎవరూ వెనకాడకండి.

మొదటి పూరణ

పెదవి కదిపె గాని పిలుపు వినబడదు
తెరను వెలుగు రాత తెలిపె నంత
కంటితోనె పలికి కడుపుబ్బ నవ్వించు
మూగవాని మాట ముచ్చటాయె

*కవి మాట:* మూకీలు (మాటల్లేని పాత సినిమాలు) చూసేటప్పుడు నటుల పెదవుల్ని బట్టి ఏమంటున్నారో పోల్చుకోవడం నాకు అలవాటు. ఆ తర్వాత తెరమీద అక్షరాలు పడితే నా ఊహ సరిపోయిందా లేదా అని చూసుకుంటాను. ఆ సరదా మీదే రాశాను.

*సమీక్ష:* సమస్య ఇస్తున్నప్పుడే మూకీ మీద ఒక పూరణ తప్పక వస్తుందనుకున్నాను. ఇంత త్వరగా, ఇంత శుభ్రంగా వచ్చినందుకు సంతోషం. మూడో పాదం బాగా కుదిరింది. ‘కంటితోనె పలికి’ అన్న ముక్కతోనే విరోధం తీరిపోయింది. టాకీలు వచ్చేశాక కూడా చాప్లిన్ 1931లో ‘సిటీ లైట్స్’ను సంభాషణల్లేకుండానే తీశాడంటే, ఆ కంటి మాట మీద ఆయనకున్న నమ్మకం ఎంతటిదో!

నాకున్న అభ్యంతరం ఒకటే. మొదటి పాదంలో ‘పిలుపు’ ఎందుకొచ్చింది? అక్కడ మనసులో ఉన్నది ‘పలుకు’. ‘పె’కు ‘ప’ యతి చెల్లదు గనుక ‘పిలుపు’ అయింది. యతి కోసం మాట మారినప్పుడు చదివేవారి చెవికి తెలిసిపోతుంది. పైగా ఎవరి పెదవి కదిలిందో మూడో పాదం దాకా తెలియదు. ‘పాత్ర కదిలె గాని పలుకు వినబడదు’ అంటే రెండూ తీరతాయి. పా, ప యతి సరే, కర్తా దొరికాడు.

*కవి జవాబు:* మీ సవరణ నిర్దుష్టంగా ఉందండీ. కానీ ‘పెదవి’ పోతే నా పద్యంలో నేను చూసేదే పోతుంది. మూకీలో పాత్ర కదలడం అందరూ చూస్తారు, పెదవి కదలడం చూసేవాళ్లు వేరు. ‘పిలుపు’తోనే ఉండనివ్వండి.

*సమీక్ష:* ఉండనిద్దాం. నియమం తప్పలేదు, బొమ్మ మీది.

*మరొక సభ్యురాలు:* మూకీల కాలం దాకా వెళ్లక్కర్లేదండీ. 1987లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ‘పుష్పకవిమానం’లో సంభాషణలే లేవు. మా అన్నయ్యా నేనూ ఆ సినిమా ‘డైలాగులు’ చెప్పుకుంటాం. అంటే ఆ హావభావాలు ఒకరికొకరు చేసి చూపించుకుంటాం. పక్కనున్నవాళ్లకు ఏమీ అర్థం కాదు, మేమిద్దరం మాత్రం పడీపడీ నవ్వుతాం.

*సమీక్ష:* అమ్మా, ఇది వ్యాఖ్యగా మిగలకూడదు, పద్యం కావాలి. ఎదురుచూస్తాను.

రెండో పూరణ

నలుగురున్న చోట నాలుక కదలదు
వెండితెరను గూర్చి విప్పె నోరు
పాత్రలాడు మాట వరుసగా వినిపింప
మూగవాని మాట ముచ్చటాయె

*సమీక్ష:* ఇలాంటి మనిషి మనందరికీ తెలుసు. పెళ్లిలోనైనా ఆఫీసులోనైనా ఒక మూల నిలబడి ఉంటాడు. పలకరిస్తే రెండు ముక్కల్లో జవాబు. ఎవరో పొరపాటున ఒక సినిమా డైలాగు సగం అని ఆపేస్తారు. అంతే, మిగతా సగం ఆ మూల నుంచే వస్తుంది! తర్వాత ఇక ఆపలేం. పద్యం ఆ క్షణాన్ని పట్టుకుంది. ‘నాలుక కదలదు’ అని వర్తమానంలో మొదలై ‘విప్పె’ అని భూతంలోకి రావడం కూడా నాకు నచ్చింది. మొదటిది అతని స్వభావం, రెండోది ఆ రోజు జరిగిన సంగతి.

లోపం మూడో పాదంలో ఉంది. ‘పాత్రలాడు మాట’ అనేసరికి ‘మాట’ ఖర్చయిపోయింది. కింద సమస్యలో మళ్లీ అదే వచ్చి పలచబడింది. సమస్యలో ఉన్న ముఖ్యమైన మాటను పైన వాడకుండా దాచుకోవాలి. సవరించగలరా?

*కవి జవాబు:* ‘పాత్రలన్ని తానె వరుసగా వినిపింప’. సరిపోతుందా?

*సమీక్ష:* సరిపోవడమేమిటి, మొదటిదానికంటే ఎంతో మెరుగు. ‘అన్ని తానె’ అనడంతో హీరో గొంతు, విలన్ గొంతు, మధ్యలో తల్లి ఏడుపు, అన్నీ ఒక్కడే చేసి చూపిస్తున్నట్టు కళ్లకు కట్టింది. ‘వరుసగా’ అన్న మాట యతి కోసం వచ్చినా ఊరికే పోలేదు. డైలాగుల పిచ్చి ఉన్నవాళ్లకు వరుస ప్రాణం. ఒక్క ముక్క అటూ ఇటూ అయితే పక్కవాడు ఊరుకోడు. లోకమంతా చెప్పుకునే మాటల్లోనూ ఈ తేడా వస్తుంది. 1942 నాటి ‘కాసాబ్లాంకా’ పేరు మీద ‘ప్లే ఇట్ ఎగైన్, సామ్’ అని అందరూ అంటారు. సరిగ్గా ఆ వరుసలో ఆ వాక్యం సినిమాలో ఎక్కడా లేదు. ఆ సంగతి పట్టుకుని చెప్పేవాళ్లంటే నాకు గౌరవం. అది చాదస్తం కాదు, రాసినవాడి మాటకు ఇచ్చే విలువ.

మూడో పూరణ

చింపి యిచ్చినట్టి సినిమాల టిక్కెట్లు
పుస్తకాన దాచి పొంగిపోయి
తేది చెప్పి సీటు తెలిపెడు వేళల
మూగవాని మాట ముచ్చటాయె

*సమీక్ష:* గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. చిం, సి యతి చూసి ముచ్చటపడ్డాను, ‘సినిమాల టిక్కెట్లు’ రెండు ఇంద్రగణాల్లో ఎంత బాగా ఒదిగిందో! కానీ సమస్య తీరలేదు. ఇందులో మూగవాడు ఎవరు? టిక్కెట్లు దాచుకునే మనిషి తేదీ చెబుతున్నాడు, సీటు నంబరు చెబుతున్నాడు. శుభ్రంగా మాట్లాడుతున్నాడు. అతను మూగవాడని ఎక్కడా సూచన లేదు. ఛందస్సు కుదిరితే పూరణ కుదిరినట్టు కాదు, నాలుగో పాదం అతికించినట్టు మిగిలిపోతుంది. అయితే మీ పద్యంలో జవాబు వాకిట్లోనే నిలబడి ఉంది. రెండో పాదం చివరి మూడక్షరాలు మార్చి చూడండి.

*కవి జవాబు:* ‘పుస్తకాన దాచి పొంగు మౌని’!

*సమీక్ష:* భేష్. ఇప్పుడు అతను మౌనంగా పొంగిపోయే మనిషి, టిక్కెట్ల ఊసు వచ్చినప్పుడే మాట బయటికొస్తుంది. పద్యం మొత్తం నిలబడింది.

*కవి జవాబు:* ధన్యవాదాలండీ. పద్యంలో పట్టని సంగతి ఒకటి. ఇప్పటి టిక్కెట్లు చాలావరకు థర్మల్ కాగితం (వేడి తగిలితే అక్షరాలు తేలే కాగితం) మీద వస్తున్నాయి, కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని వేడి లామినేషన్ చేయించారో, కాగితమంతా నల్లబడిపోతుంది. ముందే ఫొటోకాపీ తీసుకుని పక్కన పెట్టుకోండి. అసలుదాన్ని వెలుతురు, వేడి తగలని చోట ఉంచండి. పాత పలచని రంగు కాగితం టిక్కెట్లకు ఈ బాధ లేదు, వాటిని జిగురుతో అంటించకుండా మూలలు మాత్రం పట్టి ఉంచితే చాలు.

నాలుగో పూరణ

దాన వీర శూర దంభోళి పలుకులు
కంఠపాఠ మాయె, కరగె నత్తి
సభను లేచి నిలిచి సాంతము చదువంగ
మూగవాని మాట ముచ్చటాయె

*సమీక్ష:* ‘దాన’, ‘వీర’, ‘శూర’ మూడూ సూర్యగణాలే. సినిమా పేరే ఆటవెలది ఎత్తుగడలా ఉందని నేనెప్పుడూ గమనించలేదు! 1977 నాటి ఆ ‘దాన వీర శూర కర్ణ’కు కొండవీటి వెంకటకవి గారు రాసిన సంభాషణలకు ‘దంభోళి’ (వజ్రాయుధం) లాంటి బరువైన మాటే తగినది. ‘కరగె నత్తి’ చాలా చిన్న ముక్క, పద్యం బరువంతా అక్కడే ఉంది. సుయోధనుడి ఆ పొడవాటి సమాసాలు మామూలు నాలుకకే కష్టం, నత్తి ఉన్న నాలుక వాటి మీద సాగిపోవడం ఎంత గొప్ప సంగతి! ‘మాయె’, ‘ముచ్చటాయె’ అని ఒకే క్రియ రెండుసార్లు రావడం తప్ప వంక పెట్టడానికి లేదు.

*ఒక సభ్యుడు:* పద్యం బాగుంది. కానీ నత్తి ఉన్నవారిని ‘మూగవాడు’ అనడం నొప్పించదా?

*కవి జవాబు:* అన్నగారూ, ఆ సభలో లేచి నిలబడింది నేనే. బడిలో నన్ను అందరూ పిలిచిన పేరే అది. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రాలు (సినిమా సౌండ్‌ట్రాక్‌ను కుదించి వినిపించే కార్యక్రమాలు) వింటూ, నటుడి గొంతుతో కలిపి చెబుతూ నేర్చుకున్నాను. నా సొంత మాటకు అడ్డుపడే అక్షరమే ఆ పాత్ర మాటలో అడ్డుపడేది కాదు. ఇప్పటికీ ఫోన్లో కొత్తవారితో మాట్లాడాలంటే టెన్షనే. సుయోధనుడై మాట్లాడమంటే మాత్రం ఎక్కడైనా సిద్ధం.

*సమీక్ష:* పాట పాడేటప్పుడు, ఇంకొకరి పాత్రలో ఉన్నప్పుడు, పక్కవారితో గొంతు కలిపినప్పుడు నత్తి తగ్గడం చాలామందిలో కనిపించేదే. మీరు దాన్ని పద్యంలోకి తెచ్చారు. ఆ మాట వాడే అధికారం మీకుంది, పూరణను ఉన్నదున్నట్టు స్వీకరిస్తున్నాను.

ఐదో పూరణ

శబ్ద మాపి చూడ సంభాషణలు మావి
గొంతు మాది పెదవి గూర్చె నతడు
ఇద్ద రొక్కసారి యెలుగెత్త గదినిండ
మూగవాని మాట ముచ్చటాయె

*కవయిత్రి మాట:* పుష్పకవిమానం సంగతి చెప్పింది నేనే. పద్యం కావాలన్నారు కదా, ఇదిగో. మాటలున్న సినిమాలకు మేం టీవీ మ్యూట్ చేస్తాం. అన్నయ్య హీరో, నేను మిగతా అందరూ.

*సమీక్ష:* ఈ విడతలో నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇది. మిగతావాటిలో మూగవాడు ముందే ఉన్నాడు. ఇందులో మాత్రం మాట్లాడే హీరోను మీరిద్దరూ మూగవాణ్ణి చేసి, మళ్లీ మీ గొంతే ఇచ్చారు. ‘గొంతు మాది పెదవి గూర్చె నతడు’ పాదాన్ని విడిగా చదువుకున్నా బాగుంటుంది. డబ్బింగ్ థియేటర్లో పెదవికి గొంతు కలుపుతారు, ఇక్కడ హీరోయే మీ గొంతుకు పెదవి కలుపుతున్నాడు. ‘నతడు’ తర్వాత ‘ఇద్దరు’ అని అచ్చుతో మొదలవడం దగ్గర సంధి పట్టింపు ఉన్నవారు ఆగవచ్చు. వాక్యం అక్కడ ముగిసింది గనుక నేను ఒప్పుకుంటాను. ఇ, యె యతి సరే.

ఒక్క పాదం మాత్రం పంపినవారికి

‘మొదటి రోజు మొదటి ఆటకు వెళ్ళితి’ అని ఆపేసి, తర్వాత సాగడం లేదన్నారు. గణాలు కుదిరాయి తమ్ముడూ, యతి తప్పింది. ‘మొ’కు ‘ఆ’ చెల్లదు. ‘ఆట మొదటి రోజె యరుదెంచి కూర్చుంటి’ అని తిప్పి చూడు. ఆ, అ యతి కుదిరింది, అర్థమూ చెడలేదు. ఇక మూగవాణ్ణి వెతుక్కో. ఆ జనంలో, ఆ ఈలల మధ్య నోరు తెరవకుండా కూర్చున్నవాడు ఒక్కడైనా ఉంటాడు. అతన్ని పట్టుకుంటే మిగతా పద్యం దొరుకుతుంది. పూర్తిచేసి పంపు, గడువు దాటినా చూస్తాను.

వచ్చే విడతకు సమస్య, ఆటవెలదిలోనే: చూడనట్టి కథకు చూపు తడిసె