అమ్మ చేత నిద్రమాత్రలు ఎలా మాన్పించాలి? అనంతపురం వాళ్లెవరైనా చెప్పండి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. నాన్న పోయాక అమ్మకు నిద్ర పట్టకపోతే డాక్టరు ఆల్ప్రజోలం రాశారు, అదీ కొన్నాళ్ల వరకే. ఆ చీటీ ఇప్పుడు మడతల దగ్గర చిరిగి, అక్షరాలు చెదిరిపోయాయి. అయినా మా వీధి చివర మెడికల్ షాపులో చూపిస్తే షీటు ఇచ్చేస్తారు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలోది, రిజిస్టర్‌లో రాసుకుని అమ్మాలి. అడిగితే షాపతను "తెలిసినామె కదన్నా" అంటాడు.

రాత్రిది చాలక పగలు కూడా వేసుకుంటోంది. పప్పులో ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు. మొన్న బాత్రూంలో తూలి పడబోయింది. షీటు కొంగుముడిలోనే ఉంటుంది. మాత్ర ఒక్కపూట ఆలస్యమైతే చేతులు వణుకుతాయి, చెమటలు, ఏడుపు. చుట్టాలేమో లాక్కుని పారేయమంటున్నారు. దయచేసి ఆ సలహా మాత్రం ఇవ్వొద్దు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చూస్తూ కొద్దికొద్దిగా తగ్గించాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేశాను. తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు, సైకియాట్రిస్టుకు చూపించమన్నారు. చిక్కంతా అక్కడే. "నాకేమన్నా పిచ్చి పట్టిందా?" అని అమ్మ గడప దాటదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా బయటపడ్డారా? ఆసుపత్రికి ఎలా ఒప్పించారు? తగ్గించే రోజుల్లో నిద్రలేని రాత్రులు ఎలా గడిచాయి? ఇక్కడి సర్వజన ఆసుపత్రిలో మొదలుపెట్టాలా, బెంగళూరులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కే తీసుకెళ్లాలా? షాపు మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయాలని ఉంది, కానీ అమ్మకు మాత్రలు ఉన్నట్టుండి ఆగిపోతాయేమోనని భయం. ముందు ఏది చేయాలో చెప్పండి.