బైపాస్ అయిన నాన్నగారిని ఊరికి తీసుకెళ్లాలా, హైదరాబాద్‌లోనే ఉంచుకోవాలా?

పెద్దకొడుకు:
మా నాన్నగారికి 64 ఏళ్లు. అద్దంకి దగ్గర పల్లెలో పొగాకు, మిరప వేస్తారు. పోయిన వారం హైదరాబాద్‌లో గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగింది, మూడు గ్రాఫ్టులు, అంటే అడ్డు ఉన్న చోటు దాటి రక్తం పోయేలా కొత్త రక్తనాళాలు వేశారు. చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. మరో మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు. గొడవ అక్కడ మొదలైంది. అమ్మా నాన్నా నేరుగా ఊరికే వెళ్దామంటున్నారు. నేనూ, హైదరాబాద్‌లోనే ఉన్న మా తమ్ముడూ కనీసం రెండు నెలలు మా ఇంట్లో ఉండాలంటున్నాం. మాది మూడో అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాటు, లిఫ్టు ఉంది. నేనూ నా భార్యా ఉద్యోగాలకు పోతాం, పిల్లలు బడికి పోతారు. ఊళ్లో ఇల్లు విశాలం, వరండా ఉంది, బాబాయి వాళ్లు పక్కింట్లోనే ఉంటారు. కానీ కారులో ఆరు గంటల దారి. అక్కడి నుంచి గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు కావాలంటే ఒంగోలో గుంటూరో పోవాలి. ఏ పక్షం మాట్లాడినా ఫరవాలేదు, కారణం మాత్రం చెప్పండి.

మానుకోట మేనల్లుడు:
ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. కోసిన డాక్టరు అరగంట దూరంలో ఉన్నప్పుడు ఆరు గంటల దూరం ఎందుకు పోవాలి? మా మేనమామను ఇలాగే మాట కాదనలేక ఊరికి తీసుకెళ్లాం. ఛాతీ నొప్పిగా ఉందంటే ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి డైక్లోఫెనాక్ సూది వేసి పోయాడు. బైపాస్ అయిన మనిషికి ఆ రకం నొప్పి మందులు ఇవ్వకూడదని తర్వాత గుండె డాక్టరు చెబితే గానీ మాకు తెలియలేదు. పారాసిటమాల్‌తో పోయే నొప్పికి గుండెకూ కిడ్నీలకూ ముప్పు తెచ్చే మందు! అసలే రక్తం పలచబడే మాత్రల మీద ఉన్నాడేమో, సూది గుచ్చిన చోట అరచేయంత నల్లగా కమిలింది. ఊరంటే ప్రేమ ఉండొచ్చు. ఆ ప్రేమకు ఈ రెండు నెలలు సెలవు ఇవ్వండి.

గుంటూరు కోడలు:
మేనల్లుడు గారూ, ఆ సూది వేసింది ఊరు కాదు, ఆర్‌ఎంపీని పిలిచినవాళ్లు. హైదరాబాద్‌లో మాత్రం మందుల షాపు కుర్రవాడు నొప్పి మాత్ర అడిగితే ఇవ్వడా?

పెద్దకొడుకు గారూ, మీరు రాసినదాంట్లోనే ఒక ముక్క మళ్లీ చదువుకోండి. మీరిద్దరూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి. అంటే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఆ ఫ్లాటులో ఇద్దరు ముసలివాళ్లు, ఒక టీవీ. మీ అమ్మగారికి ఆ వీధిలో మందుల షాపు ఎటువైపో తెలుసా? అంబులెన్సుకు ఫోను చేస్తే చిరునామా చెప్పగలరా? ఊళ్లో అయితే కేక వేస్తే ఆరుగురు వస్తారు. మా మామగారిని మేము ఊళ్లోనే ఉంచాం. మొదట్లో ఆయన ఊరికే కళ్ల నీళ్లు పెట్టుకునేవారు, అన్నం వద్దనేవారు. ఎప్పుడూ కంటతడి పెట్టని మనిషి! ఈ ఆపరేషన్ తర్వాత అలా దిగులు పడటం మామూలేనని డాక్టరు చెప్పారు. ఆ దిగులు తగ్గించింది మా వరండా, ఆయన గేదెలు. పన్నెండడుగుల హాల్లో నడవమంటే ఆయన నడిచేవారే కాదు.

డాలస్ తమ్ముడు:
ఇక్కడ అమెరికాలో ఇంత ఆలోచన ఉండదండీ. అయిదారు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. తర్వాత కార్డియాక్ రిహాబ్ అని వారానికి మూడు రోజుల చొప్పున పన్నెండు వారాలు, మొత్తం 36 సార్లు వెళ్లాలి. గుండె లయ చూస్తూ నడిపిస్తారు, తిండి గురించి చెబుతారు. వయసు మళ్లినవాళ్లకు ప్రభుత్వ బీమా చాలా భాగం భరిస్తుంది. హైదరాబాద్‌లోనూ ఇలాంటివి కొన్ని చోట్ల ఉన్నాయి కాబట్టి నా ఓటు నగరానికే. పగటికి ఒక హోమ్ నర్సును పెట్టుకుంటే సరిపోతుంది. డబ్బు మనిషికన్నా ఎక్కువ కాదు కదా.

గుంటూరు కోడలు:
తమ్ముడూ, డబ్బు మనిషికన్నా ఎక్కువ కాదని డాలస్ నుంచి చెప్పడం తేలిక. ఏజెన్సీ పంపే అమ్మాయిలందరూ నర్సింగు చదివినవాళ్లే అనుకుంటున్నావా? సగం మందికి బీపీ చూడటం కూడా రాదు.

వార్డు సిస్టర్:
గుండె ఆపరేషన్ అయినవాళ్లను ఐసీయూ నుంచి బయటికి తెచ్చాక ఉంచే వార్డులో పనిచేస్తాను. పల్లె, పట్నం అని మీరు కొట్లాడుకుంటున్నారు గానీ, డిశ్చార్జి రోజున నేను అడిగే మొదటి ప్రశ్న ఇంట్లో మంచం ఎంత ఎత్తు ఉందని.

ఎందుకో చెబుతాను. రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. తీగలు ఎముకను కదలకుండా పట్టి ఉంచుతాయి, అంతే. అతుక్కోవడం ఎముక పని. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఈలోగా రెండు చేతుల మీద బరువు మోపి లేచినా, ఎవరైనా రెక్క పట్టుకుని లాగి లేపినా ఆ బలమంతా అతుకు మీదే పడుతుంది. పల్లెటూరి ఇళ్లలో నవారు మంచాలు మధ్యలో దిగబడి ఉంటాయి. అందులోంచి చేతులు ఊనకుండా ఆరోగ్యంగా ఉన్నవాళ్లే లేవలేరు. గట్టి పరుపు, మోకాలి ఎత్తు మంచం కావాలి. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వదిలి, మోచేతి ఆసరాతో కూర్చోవాలి. మనవాళ్లు ప్రేమ కొద్దీ రెక్కలు పట్టుకుని లేపుతారు. అది వద్దని ఇంట్లో చిన్నపిల్లలతో సహా అందరికీ చెప్పండి. దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి.

రెండో ప్రశ్న మరుగుదొడ్డి. కింద కూర్చునే రకం అయితే ఆస్పత్రి సామాన్ల దుకాణంలో కమోడ్ కుర్చీ కొనండి. నొప్పి మాత్రలతో, తిండి తగ్గడంతో మలబద్ధకం తప్పనిసరిగా వస్తుందనుకోండి. ముక్కకూడదు. విరేచనం సాఫీగా అయ్యే సిరప్పు డిశ్చార్జి చీటీలో ఉందో లేదో చూసి, లేకపోతే అడిగి రాయించుకోండి. అడగడానికి సిగ్గుపడి తర్వాత అవస్థపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక ఊరా, నగరమా అన్నదానికి వస్తే, చక్కెర వ్యాధి ఉందన్నారు కాబట్టి నేను నగరానికే మొగ్గుతాను, అదీ మొదటి నెల మాత్రమే. ఛాతీ గాయంలో లోతుగా ఇన్ఫెక్షన్ వస్తే ఎక్కువగా ఆ నెలలోనే బయటపడుతుంది. జ్వరం 100.4 దాటినా, గాయం ఎర్రబడినా, చీము కారినా, కదిలినప్పుడు ఎముక టక్కుమన్నా ఆపరేషన్ చేసిన బృందమే చూడాలి. రోజూ పొద్దున కాఫీకి ముందు బరువు చూసి రాయండి. ఒక్క రోజులో కిలోకు పైగా, వారంలో రెండు కిలోలకు పైగా పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, వెంటనే ఫోను చేయాలి. గ్రాఫ్టు కోసం రక్తనాళం తీసిన కాలు కొంత వాస్తుంది. దానికి కంగారు పడనక్కర్లేదు, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టించండి. పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మాత్రం ఊరుకోవద్దు.

అయితే కోడలు గారి మాటను తోసేయలేను. మొదటి రెండు వారాలు మీలో ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండలేకపోతే మీ ఫ్లాటు కన్నా మీ ఊరే నయం.

కాకినాడ పెద్దమ్మ:
బాబూ, ఎక్కడున్నా పథ్యం మాత్రం తప్పవద్దు. పప్పు పెడితే గాయం చీము పడుతుంది. వంకాయ, గోంగూర వద్దు. కారప్పొడి, నెయ్యి, మెత్తని అన్నం పెట్టండి. నిమ్మకాయ ఊరగాయ నోటికి హితవుగా ఉంటుంది. మా ఇంట్లో కోతలు పడిన వాళ్లందరికీ ఇదే పెట్టాం, అందరూ లేచి తిరిగారు.

వార్డు సిస్టర్:
పెద్దమ్మ గారూ, మీ మాట కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. పప్పుతో చీము పట్టదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పులో ఉండేవి అవే. పప్పు, పెరుగు, గుడ్డులో తెల్లసొన, అలవాటుంటే కూరలో చేప, అన్నీ పెట్టవచ్చు. మీరు మంచిదన్న ఊరగాయకే నేను భయపడతాను. మనిషికి రోజుకు అయిదు గ్రాములకు లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊరగాయ, కారప్పొడి, అప్పడం కలిస్తే ఒక్క పూటకే ఆ లెక్క తేలిపోతుంది. మెత్తని అన్నం ఒక్కటే పెడితే చక్కెర పెరుగుతుంది, చక్కెర పెరిగితే గాయం మానదు.

గోంగూర సంగతి వేరు. గుండెలో లోహపు కవాటం వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి వాడేవాళ్లు ఆకుకూరలు ఒకరోజు బండెడు, ఒకరోజు సున్నా అన్నట్టు తినకూడదు, రోజూ ఒకే మోతాదులో తినాలి. ఆ మాట నోటా నోటా పాకి గుండె రోగులందరికీ ఆకుకూరలు నిషేధమైపోయాయి. బైపాస్ మాత్రమే అయి ఆ మందులు లేనివాళ్లకు ఆ భయం లేదు.

కాకినాడ పెద్దమ్మ:
చదువుకున్నదానివి, నువ్వు చెప్పావు కాబట్టి పప్పు ఒప్పుకుంటాను. వంకాయ మాత్రం ఒప్పుకోను.

పాత బైపాస్ మాస్టారు:
కోయించుకున్నవాణ్ణి ఈ చర్చలో నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను. ఊళ్లో ఆరుగురు వస్తారని కోడలు గారు మెచ్చుకున్నారు. అమ్మా, ఆరుగురు కాదు, అరవై మంది వచ్చారు. వచ్చిన ప్రతివారికీ లేచి కూర్చోవాలి, కోత చూపించాలి, ఎంత ఖర్చయిందో చెప్పాలి. ఫలానా ఊళ్లో ఫలానాయన ఇదే ఆపరేషన్ అయ్యాక నెలకే పోయాడన్న కథ కూడా వినాలి. జలుబుతో వచ్చినవాడు మంచం మీదే కూర్చుంటాడు. గది బయట కుర్చీ వేసి మా ఆవిడ కాపలా కూర్చుంటే గానీ నాకు పగటి నిద్ర దొరకలేదు.

ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. పొగాకు రైతన్నారు. నాన్నగారికి చుట్ట అలవాటు ఉందా?

పెద్దకొడుకు:
ఉంది మాస్టారూ. ఆస్పత్రిలో చేరిన రోజు దాకా మానలేదు. సాయంత్రమైతే మా అరుగు మీద నలుగురు చేరతారు, నలుగురూ చుట్టలు వెలిగిస్తారు.

పాత బైపాస్ మాస్టారు:
అయితే నా వరకు తీర్పు అయిపోయింది. కొత్తగా వేసిన రక్తనాళాలు మూసుకుపోవడానికి పొగను మించిన దగ్గరి దారి లేదు. ఆస్పత్రి పుణ్యమా అని ఇప్పటికే పది రోజులు చుట్ట ముట్టలేదు. ఇంకో నెల అరుగుకు దూరంగా ఉంచితే అలవాటు పట్టు సడలుతుంది. మీ బాబాయి ఎంత మంచివారైనా ఆ నలుగురిలో ఒకరై ఉంటారు, కాదా?

గుంటూరు కోడలు:
మాస్టారూ, హైదరాబాద్‌లో లిఫ్టు దిగితే పాన్ డబ్బా ఉంటుంది. నెల తర్వాత ఊరికి వెళ్లినప్పుడు ఆ అరుగు అక్కడే ఉంటుంది, ఆ నలుగురూ అక్కడే ఉంటారు. మాట్లాడవలసింది ఆ నలుగురితో. అయినా చుట్ట సంగతి విన్నాక నా గొంతు కాస్త తగ్గిందని ఒప్పుకుంటాను.

మానుకోట మేనల్లుడు:
మొదట్లోనే చెప్పాను.

పెద్దకొడుకు:
అందరికీ నమస్కారాలు. రాత్రి ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. మొదటి నెల ఇక్కడే. తమ్ముడు రెండు వారాలు సెలవు పెడుతున్నాడు, ఆ తర్వాత నేను ఇంటి నుంచే పనిచేస్తాను. అమ్మకు ఇంకా మనసు ఒప్పలేదు. మంచం కింద పెట్టి ఎత్తు పెంచడానికి చెక్క దిమ్మెలు చేయిస్తున్నాం, కమోడ్ కుర్చీ తెచ్చాం. బాబాయికి ఫోను చేసి అరుగు సంగతి చెబితే నవ్వి, చూద్దాంలేరా అన్నారు. నాకు ధీమాగా లేదు.

సిస్టర్ గారూ, నెల తర్వాత కారు ప్రయాణం ఎలా? ఊరికి పోగానే పొలం వెళ్తానంటారు, వెళ్లనివ్వవచ్చా?

వార్డు సిస్టర్:
ముందు చెకప్‌లో గాయం చూపించి, ప్రయాణానికి సరేననిపించుకోండి. వెనక సీట్లో కూర్చోబెట్టండి. బెల్టు తప్పదు, బెల్టుకూ ఛాతీకీ మధ్య చిన్న దిండు పెట్టండి. గంటకోసారి ఆపి నాలుగు అడుగులు వేయించండి. మిర్యాలగూడ, పిడుగురాళ్ల అంటూ ఎలాగూ ఆగుతారు. డిశ్చార్జి చీటీ, మాత్రలు డిక్కీలో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి. ఊరికి చేరే ముందే ఒంగోలులోనో గుంటూరులోనో ఒక గుండె డాక్టరును చూసుకుని ఫోను నంబరు రాసి పెట్టుకోండి.

పొలం దాకా నడవవచ్చు, గట్టు మీద పక్కన ఒక మనిషి ఉండాలి. బైకు వెనక ఎక్కించుకుని మాత్రం ఎవరూ తీసుకెళ్లకూడదు. మిరపకు మందు కొట్టే డబ్బా నిండితే పదహారు లీటర్లు. మూడు నెలలు నిండి డాక్టరు సరే అనేదాకా అది ఆయన వీపు మీదికి ఎక్కకూడదు. ఖాళీ డబ్బా కూడా చేతికి ఇవ్వకండి, ఖాళీది ఇస్తే ఆయనే నింపుకుంటారు.