సమస్యాపూరణం: 'తరుగుకొలది నగకు ధర పెరిగెను'

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, త–ధ యతి. ఇంట్లో తరతరాలుగా వస్తున్న నగ మీద రాస్తే సంతోషం.

గవర్నరుపేట, విజయవాడ:

కొత్త గొలుసు కొనగ కొట్టుకెళ్ళిన వేళ
నూటికింత తరుగు నొక్కినారు
బిల్లు చూచినంత బీపి పెరిగె నాకు
తరుగుకొలది నగకు ధర పెరిగెను

నిర్వాహకుడు: తరుగును కొట్టువాడి లెక్కలోకి లాగేసరికి సమస్య చిటికెలో విడిపోయింది. 'పెరిగె' రెండుసార్లు పడింది. 'బీపి హెచ్చెను నాకు' అనండి, గణాలు చెడవు. ఇంతకీ పాతనగ ఏదండీ?

సత్యనారాయణపురం, విజయవాడ:

అవ్వ మెడనె యరిగి యమ్మ మెడకు వచ్చి
పసుపు రాచి రాచి పలచనయ్యె
కాసు మీద నున్న గాట్లు నా పండ్లవే
తరుగుకొలది నగకు ధర పెరిగెను

గవర్నరుపేట: పాలపళ్లకే బంగారం సొట్టపోతుందా అండీ?

సత్యనారాయణపురం: మా కాసులపేరులోవి లక్ష్మీదేవి అచ్చు గుద్దిన పలచటి రేకులండీ. అమ్మ ఎత్తుకున్నప్పుడల్లా నా నోట్లోనే ఉండేవట. ఒకదాని మీద అమ్మవారి ముఖమే ఆనదు, అంచు వంకర. సాపు చేసిస్తానని ఆచారి గారన్నా అమ్మ ఒప్పుకోలేదు.

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలూ ఎవరైనా రాస్తారు. మూడోది మీరు తప్ప ఇంకొకరు రాయలేరు.

బ్రాడీపేట, గుంటూరు:

చదువు ఫీజు కొరకు జారె నొక్కటి కాసు
మిరపతోట కొకటి నాల్గు మిగిలె
ఎంతకైన గాని యియ్యదు మా యమ్మ
తరుగుకొలది నగకు ధర పెరిగెను

నిర్వాహకుడు: రెండో పాదంలో మి–నా యతి కుదరలేదు. 'మిగిలె నాల్గు' అని తిప్పితే చాలు. అందరూ అరుగుదల పట్టుకుంటే మీరు కాసుల్నే ఒక్కొక్కటిగా తగ్గించారు. నాకు తట్టని దారి.

గవర్నరుపేట: తోటకొకటి అంటే? రేటు పడిపోయిందా?

బ్రాడీపేట: నల్లతామర పురుగు అండీ, 2021లో. పూత పూతంతా రాలిపోయింది. మందుల బాకీ మీద పడితే ఆ కాసు అమ్మాం. కరిగించి, తరుగు తీసేసి చేతిలో పెట్టారు. నాన్న కొట్టు మెట్టెక్కలేదు, నన్నే పంపారు. మిగిలినవాటిని అమ్మ నల్లపూసల్లో గుచ్చుకుంది, ఇక ఎవరూ అడగడానికి వీల్లేకుండా.

నిర్వాహకుడు: ఆ నల్లపూసలు పద్యంలోకి రావాలండీ. 'ఎంతకైన గాని' తీసేసి మూడో పాదం మళ్లీ కట్టండి, ఆదివారం దాకా గడువు. గవర్నరుపేట వారూ, మీరు బీరువా తెరిచి పాతనగ వెతుక్కోండి.