ఆడపిల్లలోని 'ఆడ' గురించి

నిన్న గ్రూపులో ఒకరు "ఆడపిల్ల అంటే ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల, అంటే అత్తారింటి పిల్ల, మన పెద్దలు మాటలోనే అంతా పెట్టారు" అని రాశారు. కింద దండాలు బోలెడు. రాత్రంతా అదే మెదులుతుంటే కూర్చుని రాస్తున్నాను. అది వ్యుత్పత్తి కాదండీ.

పల్నాడు వైపు 'అక్కడ' అనడానికి ఆడ అంటాం కదా, అది ఆ + ఎడ. ఎడ అంటే చోటు. ఈడ, ఏడ కూడా అలా వచ్చినవే. ఆడపిల్లలో ఉన్నది వేరే మాట, పాత నిఘంటువుల్లో అరసున్నతో 'ఆఁడు' అని కనిపిస్తుంది, స్త్రీ అని అర్థం. అరసున్న పోయాక రెండూ ఒకేలా వినబడుతున్నాయి, అంతే. నిఘంటువు దాకా వెళ్ళకపోయినా ఆడ ఏనుగు, ఆడ సింహం అంటూనే ఉన్నాం, అవి ఏ అత్తారింటికి పోతాయి? అన్నిటికంటే 'ఆడపడుచు' చూడండి. పెళ్ళై ముప్పై ఏళ్ళైనా పుట్టింటివాళ్ళు "మా ఇంటి ఆడపడుచు" అనే అంటారు. ఆ మాట ఆమెని ఈ ఇంటికే కడుతోంది కదా.

ఇంత పట్టుదల ఎందుకంటే, నాన్న పోయిన ఏడాదికి, గుంటూరు బ్రాడీపేటలో మా పెదనాన్న గారింట్లో పొలం కాగితాలు నా ముందు పెట్టి, ఆయన అన్న మాట సరిగ్గా ఇదే: "ఆడపిల్లంటే ఆడ పిల్లేనమ్మా, తమ్ముడికి వదిలేస్తూ ఓ సంతకం పెట్టెయ్యి." పక్కన పళ్ళెంలో పసుపు, కుంకుమ, చీర. నలభై ఏళ్ళ కిందట మా మేనత్త అలాంటి చీర తీసుకునే వేలిముద్ర వేసింది, సిరా మరక పోక చీర కొంగుకి తుడుచుకుందట, ఆ మాట ఇప్పటికీ చెబుతుంది. నేను పెన్ను పట్టుకుని కూడా పెట్టలేదు. ఆ రోజు ఎవరూ నాతో చట్టం గురించి మాట్లాడలేదు, ఆ ఒక్క సామెతే మాట్లాడారు.

చట్టం మాత్రం ఎప్పుడో మారింది. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. అప్పటికే పెళ్ళైపోయినవాళ్ళకి అది వర్తించలేదు, మా మేనత్త అలా మిగిలిపోయింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర చట్టంలో పెళ్ళి తేడా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

ఒక జవాబు: అమ్మాయీ, మా అమ్మమ్మ ఈ మాట అప్పగింతలప్పుడు ఏడుస్తూ అనేది. ఆ బాధ అబద్ధమా?

నా జవాబు: బాధ నిజమే బాబాయి గారూ, మా అమ్మ కూడా అలాగే ఏడ్చింది. శ్లేషగా చెప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ ఏడుపులో పుట్టిన మాటని భాషే అలా చెబుతోందన్నట్టు పిల్లలకి నేర్పితే, పాతికేళ్ళ తర్వాత అదే మాట కాగితం పక్కన కూర్చుంటుంది. మా తమ్ముడి కూతురికి ఏడేళ్ళు, మొన్న బడిలో విని వచ్చి "అత్తా, నేను ఈ ఇంటి పిల్లని కాదా" అని అడిగింది. దానికి అరసున్న పలక మీద రాసి చూపించాను.

ఇంకో సంగతి తెలుసుకోవాలని ఉంది. 'అక్కడ' అనడానికి 'ఆడ' వాడని ఊళ్ళలో కూడా ఈ సామెత ఉందా? ఉత్తరాంధ్ర వాళ్ళు చెప్పండి.